మూడో మలుపులో ఇన్‌పుట్ ల్యాగ్

రాత్రి షిఫ్టు దిగిన చందర్, పొద్దున పదింటిలోపు డ్రైవింగ్ పరీక్ష ముగించుకొని, పినపాకలో బామ్మర్ది ఇంటికి నాటుకోడి కూరకు పోదామనుకున్నాడు. మణుగూరు అవతల ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పంతొమ్మిదేళ్లుగా డంపర్ నడుపుతున్నాడు. పరీక్షేమో సిమ్యులేటర్ మీద: గదిలోనే డంపర్ క్యాబిన్, ఎదుట మానిటర్, అందులో బొగ్గు రోడ్డు. చందర్‌కు అది టీ తాగినంత పని.

మూడో మలుపులో ఏదో తెగినట్టయింది. తేరుకొని స్టీరింగ్ తిప్పేసరికి తెర మీది డంపర్ గోతిలో బోర్లా పడి ఉంది.

"ఏమైంది చందర్?" అన్నాడు శిక్షణాధికారి.

కూతురు మధులత కంప్యూటర్‌లో ఆట ఓడినప్పుడల్లా అనే మాట చందర్ నోట్లోంచి జారింది. "ఇన్‌పుట్ ల్యాగ్ సార్. నేను జల్దీనే తిప్పిన. మానిటరే లేట్‌గా చూపిచ్చింది."

అన్నాక సిగ్గేసింది గానీ, ఆ మాట అప్పటికే వరండా దాటింది. మధ్యాహ్నానికి పరీక్ష తప్పిన ప్రతి డ్రైవరుకూ ల్యాగే కారణమైంది. యూనియన్ నాయకుడు వీరేందర్ గేటు దగ్గర కుర్చీ ఎక్కాడు.

"మా చందరన్న చెయ్యి పంతొమ్మిదేండ్లల్ల ఒక్కసారి లేట్ కాలె. గిసొంటి మనిషికి పాత మానిటర్ పెట్టి ఫెయిల్ చేస్తరా?"

జనం చప్పట్లు కొట్టారు. చందర్ తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. కొత్త మానిటర్ కావాలన్న దరఖాస్తు మీద, చందర్‌తో మొదలై, పరీక్ష తప్పినవాళ్లవి నలభై ఒక్క సంతకాలు పడ్డాయి.

"నాన్నా, నిజంగనే ల్యాగ్ ఉన్నదా? నేనైతే ఓడిపోతే ఊకెనే గట్ల అంట," అంది మధులత ఆ సాయంత్రం. చందర్ సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

పది రోజులకు సిమ్యులేటర్ కంపెనీ ఇంజనీర్ సునంద హైదరాబాద్ నుంచి కొత్త మానిటర్‌తో దిగింది. హాలు నిండా డ్రైవర్లు.

"ఇది వేరియబుల్ రిఫ్రెష్ రేట్‌ది. కంప్యూటర్ బొమ్మ ఎప్పుడు పంపితే అప్పుడే చూపిస్తుంది. బొమ్మ చీలదు, ఆగి ఆగి నడవదు. ముందు పాతదాని ఆలస్యం ఎంతో చూద్దాం. క్యాబిన్‌లో కెమెరా ఉంటుంది కదా, చందర్ గారి పరీక్షే వేస్తాను."

కెమెరా సంగతి చందర్‌కు తెలియదు.

కొత్త మానిటర్ మీద వీడియో చాలా నెమ్మదిగా కదిలింది. ఒక పక్క మలుపు వచ్చింది. మరో పక్క చందర్ రెప్పలు దిగాయి. గడ్డం రొమ్మును తాకింది. నోరు తెరుచుకుంది. డంపర్ గోతిలోకి పోయాక అతను ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పాడు. మీసంలో ఒక్క వెంట్రుక కూడా మసకబారలేదు.

సునంద గొంతు తగ్గించింది. "స్టీరింగ్ తిప్పాక తెర మారడానికి సెకనులో పదిహేనో వంతు. మలుపు కనిపించాక స్టీరింగ్ తిప్పడానికి మూడు సెకన్లు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది చందర్‌కు. లేచి నిలబడ్డాడు.

"ల్యాగ్ నాదే మేడం. అసలు బండి మీద గూడ రెండుసార్లు గిట్లనే అయింది. నౌకరీ పోతదని చెప్పలె."

నౌకరీ పోలేదు. శిక్షణాధికారి అక్కడే దవాఖానాకు చీటీ రాసి, డాక్టరు సరేననేదాకా పగటిపూట బొగ్గు లారీలు తూచే కాటా దగ్గర పని చేయమన్నాడు.

సునంద దరఖాస్తు తీసింది. "ఇంకా నలభై సంతకాలున్నాయి. అందరి వీడియోలూ నా దగ్గరున్నాయి. తర్వాత ఎవరిది వేయమంటారు?"

వీరేందర్ లేచి, పాత మానిటర్ మీద కార్మికులకు పూర్తి నమ్మకం ఉందని యూనియన్ తరఫున ప్రకటించాడు.