విశ్వాసం మాస్టారి పెట్టె

ఆ శుక్రవారం ఉదయం అంతోనమ్మ వేసుకున్న పథకం చిన్నదే. ఏడింటికల్లా సగం పందిని పెట్టెలో పెట్టి మూత వెయ్యాలి, సాయంత్రం దాకా పొగ ఆరకుండా చూడాలి, మర్నాడు ముంచింగిపుట్టు సంతలో అమ్మెయ్యాలి. ఇదంతా మంచం మీదున్న మామగారు విశ్వాసం మాస్టారికి తెలియకుండా జరగాలి.

తెలియకూడనిది పంది సంగతి కాదు, పెట్టె సంగతి.

ఆ పెట్టె చర్చిది. పోయినవాళ్ళను అయినవాళ్ళు వచ్చేదాకా చల్లగా ఉంచే ఫ్రీజర్ బాక్సు. అద్దాల మూత, స్టీలు అడుగు, పక్కన ఎర్రరంగుతో "దానము చేసినవారు: విశ్వాసం మాస్టారు". నాలుగేళ్ళ కిందట మాస్టారి భార్య ముసురులో పోయింది. చింతూరులో ఉన్న కూతురు డాలీకి కబురు అందడానికి ఒకరోజు, ఘాటు రోడ్డు మీద విరిగిపడ్డ కొండచరియ తియ్యడానికి ఇంకోరోజు పట్టింది. ఆమె వచ్చేసరికి తడిమట్టి దిబ్బ తప్ప ఏమీ మిగల్లేదు. "ఒక్కపూట ఆపలేకపోనావా నాన్నా?" అని అడిగి, మంచినీళ్ళు ముట్టకుండా అదే జీపులో వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ తరవాతే మాస్టారు పెట్టె కొని చర్చికిచ్చారు. షరతు ఒక్కటే. తన వంతు వచ్చినప్పుడు, డాలీ వచ్చేదాకా తనను అందులో ఉంచాలి.

పదకొండుమందికి సేవ చేసి, పన్నెండో ఆవిడ ఉండగా, లో ఓల్టేజికి దాని కంప్రెసరు కాలిపోయింది. చుట్టుపక్కల ఫ్రిజ్జులు బాగుచేసేవాడు మాస్టారి కొడుకు ఎజ్రా ఒక్కడే కాబట్టి, చర్చి సంఘం దాన్ని అతని పెరట్లోకే చేర్చింది. ఎనిమిది నెలలు దాని చుట్టూ తిరిగి, ఇక ఇది చల్లబడదని ఎజ్రా తేల్చాడు. తండ్రికి చెప్పే ధైర్యం మాత్రం అతనికి లేదు.

"సచ్చినోళ్ళకి పనికిరాకపోతే బతికున్నోళ్ళకి పనికొస్తాది," అంది అంతోనమ్మ.

ఎజ్రా మోటారూ గొట్టాలూ పీకేశాడు. కాలితే విషమని గోడల్లో ఉన్న ఫోమంతా గీకేసి, మట్టీ ఊకా కలిపి మెత్తాడు. అడుగున నిప్పుల తట్ట, పైన ఇనుప ఊచలు, ఒక మూల పొగగొట్టం. అంతోనమ్మ సోడా వేసి ఏడుసార్లు కడిగింది. ఎనిమిదోసారి ప్రార్థన చేసి కడిగింది.

రెండు వారాలుగా మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నారు. చోడిపిండి అంబలి రెండు చెంచాలకు మించి దిగడం లేదు. రోజుకోసారి మాత్రం "పెట్టె బాగైందామ్మా?" అని అడుగుతారు. "రేపో ఎల్లుండో మావయ్యా," అంటుంది కోడలు.

ఆ ఉదయం మాంసానికి మసి పట్టకుండా మాస్టారి పాత తెల్లపంచె చుట్టి, ఊచల మీద పొడుగ్గా పరిచారు. సరిగ్గా అప్పుడే పక్కింటి యర్రమ్మ చేట అడగడానికి కంచె దగ్గరకొచ్చింది. అద్దం కింద పొగ. పొగలో తెల్లపంచె చుట్టిన పొడుగాటి ఆకారం. పక్కన ముక్కుకి తువ్వాలు కట్టుకుని, కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుస్తూ ఎజ్రా.

"ఓలమ్మో! ఎప్పుడే?" అంది యర్రమ్మ.

"తెల్లారగట్ల కోసినారక్కా" అనబోయి, పెట్టె గుర్తొచ్చి అంతోనమ్మ గొంతు తగ్గించింది. "ఎవరికీ సెప్పకు. సంఘానికి నానే సెప్తాను. సల్లపెట్టే మోటారు లేదుగదా, ఇలా పొగ పెడితే నాల్రోజులైనా ఆగుద్ది."

యర్రమ్మకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. ఆమె ఇంట్లోనూ పొయ్యి మీద కట్టిన మాంసం పొగ తగిలి వానాకాలమంతా ఆగుతుంది. మాస్టారు పోయారు, పెట్టె పాడైంది, కూతురు చింతూరు నుంచి రావాలి. పాపం, ఉన్నదాంతో ఆపుతున్నారు. చూడ్డానికి కష్టంగా ఉన్నా తెలివైన పనే. కళ్ళొత్తుకుని, చేట సంగతి మరిచి వెళ్ళిపోయింది.

ఎవరికీ చెప్పొద్దన్నారు కాబట్టి ఇద్దరికే చెప్పింది. ఒకరు పాస్టరుగారు. రెండోవారు డాలీ. పోయినసారి ఆలస్యంగా చెప్పారన్న మాట ఈసారి రాకూడదని, సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు మెట్లెక్కి మరీ చెప్పింది.

ఎనిమిదిన్నరకు చావుగంట మోగింది. మాస్టారు కళ్ళు తెరిచారు.

"ఎవరమ్మా పోయింది?"

"కనుక్కుంటాను మావయ్యా," అని అంతోనమ్మ బయటికొచ్చేసరికి పాస్టరుగారూ, ఆయన వెనక ఇరవైమందీ బంతిపూలతో నేరుగా పెరట్లోకి నడుస్తున్నారు. పాస్టరుగారు ఎజ్రాను గుండెలకు హత్తుకున్నారు.

"ఏడువు నాయనా, ఏడువు."

"పొగండీ," అన్నాడు ఎజ్రా.

"అంతే నాయనా, మనిషి బతుకంతా అంతే."

పాట మొదలైంది. అందులో ఉన్నది పందని చెప్పడానికి అంతోనమ్మ నోరు తెరిచింది. మాస్టారి గది కిటికీ కూడా తెరిచే ఉంది. నోరు మూసుకుని లోపలికెళ్ళింది.

"యర్రమ్మక్క అత్తగారు మావయ్యా," అంది.

"ఆవిడ పోయి రెండేళ్ళయింది కదా?"

"చిన్నత్తగారు."

"మరి పాట మన పెరట్లో పాడతారేం?"

"పెట్టె కోసం వచ్చారు."

మాస్టారి ముఖం వెలిగింది. "బాగైందా?"

ఆ ముఖం చూసి కాదనలేకపోయింది. "అయ్యింది మావయ్యా."

"ఆవిడ తరవాత నాకే," అన్నారాయన. "ఇక బెంగలేదు." రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. రెండు చెంచాల అంబలి కూడా వద్దన్నారు.

అంతోనమ్మకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆయన్ను ఆపింది అంబలి కాదు, ఆ పెట్టె బాగుకాకపోవడమే. తాను ఇప్పుడే దాన్ని బాగుచేసింది.

నిజం చెప్పేద్దామని పెరట్లోకి పరుగెత్తింది. యర్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"దిగులు పడకే. డాలీకి నానే ఫోన్ సేసినాను. డొంకరాయి దాటీసినాదంట. ఒకటే ఏడుపు."

అంతోనమ్మ ఆగిపోయింది. తండ్రి బతికే ఉన్నాడని ఇప్పుడు ఫోను చేస్తే డాలీ ఏం చేస్తుంది? సీలేరులో జీపు తిప్పేస్తుంది. నాలుగేళ్ళుగా బతికున్న తండ్రి కోసం రాని మనిషి.

"అక్కా," అంది అంతోనమ్మ మెల్లగా, "ఇంకో నాలుగు పాటలు పాడించు." భర్త వైపు తిరిగింది. "పొగ ఆరనియ్యకు." పెరటి తలుపు దగ్గరగా వేసి, దానికి అడ్డంగా కూర్చుంది. మధ్యమధ్య లోపలికెళ్ళి, మామగారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని వచ్చి, మళ్ళీ కూర్చుంది.

నాలుగింటికి జీపు ఆగింది. అంతోనమ్మ తలుపు వదిలి ఎదురెళ్ళింది. డాలీ వచ్చీరాగానే పెట్టె మీద పడింది. "నాన్నా! నన్ను సూడకుండా ఎలిపోనావా నాన్నా!" ఎజ్రా "అక్కా, ఆగు" అంటుండగానే మూత ఎత్తి పంచె లాగింది.

రాగిరంగు తిరిగిన పంది పక్కటెముకలు. కాఫీకొమ్మల పొగవాసన గుప్పుమంది. పాట మధ్యలో తెగిపోయింది. పాస్టరుగారి చేతిలో పూలు అలాగే ఉండిపోయాయి.

"డాలీ వచ్చిందా?"

పెరటి తలుపు దగ్గర, గోడ పట్టుకుని, మాస్టారు నిలబడి ఉన్నారు. యర్రమ్మ కెవ్వున అరిచి కూలబడింది.

"సచ్చిపోయావన్నారు!" అంది డాలీ.

"ఇంకా లేదమ్మా," అన్నారు మాస్టారు క్షమాపణ చెప్పుకుంటున్నట్టు.

డాలీ వెళ్ళి ఆయన్ను పట్టుకుంది. కొట్టడానికో పడిపోకుండా ఆపడానికో తెలియలేదు, పట్టుకుని మాత్రం వదల్లేదు. మాస్టారు ఆమె భుజం మీదుగా పెట్టెను చూశారు. నిప్పుల తట్ట చూశారు. ఎర్రరంగులో తన పేరు చూశారు. అంతోనమ్మ నేల చూపులు చూసింది.

"ఒక ముక్క పెట్టమ్మా," అన్నారు.

చాలాసేపు నమిలారు. ఇరవైమందీ ఆయన దవడలవైపే చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు. ఇంకో ముక్క అడిగారు.

డాలీ ఆ రాత్రికి ఉంటానంది. తరవాత మర్నాటికి. మాస్టారు ఇంకా తొమ్మిది రోజులు బతికారు. పదో ఉదయం, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, ఆమె చేతి అంబలి రెండు చెంచాలు తాగి వెళ్ళిపోయారు. పాస్టరుగారు గంట కొట్టించే ముందు యర్రమ్మను పంపి రెండుసార్లు రూఢి చేసుకున్నారు. రావలసిన మనిషి పక్కనే ఉండడంతో ఆపే పని లేకపోయింది. పొద్దు వాలకముందే సమాధి చేశారు.

వచ్చినవాళ్ళ భోజనాలకు ఎజ్రా పెట్టె వెలిగించాడు. అంతోనమ్మ మాంసానికి రెండు గుప్పెళ్ళు ఉప్పు ఎక్కువ పట్టించింది. తక్కువైందని ఎవరూ అనలేదు.