దూది సీసాలో పేషెంటు

మా ఊపిరితిత్తుల డాక్టరు గారి క్లినిక్‌లో, వేచి ఉండే రోగులకు మనశ్శాంతి కలిగించే నిమిత్తం ఒక చేపను నియమించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అర్హతలు: ఎర్ర రంగు, బొటనవేలంత పొడవు, నోరెత్తి మాట్లాడకపోవడం. వసతి: ఇదివరకు దూది పెట్టుకున్న గాజు సీసా. దానికి స్టీలు మూత కూడా ఉంది. దుమ్ము ఊపిరికి శత్రువని డాక్టరు గారి సిద్ధాంతం కనుక, ఆ మూత ఎప్పుడూ గట్టిగా బిగించే ఉంటుంది.

చేప తన విధులను సక్రమంగా నిర్వర్తించింది. రెండో వారానికల్లా అడుగున తిరగడం మానేసి, ఎప్పుడు చూసినా మూత కిందికి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. రోజూ వచ్చే ముప్పై మందిమి చేతిలో టోకెనూ జేబులో ఇన్‌హేలరూ పెట్టుకుని దాన్ని కన్నార్పకుండా చూసేవాళ్ళం. అది మనకు నమస్కారం పెడుతోందని రిటైరైన హెడ్మాస్టరు గారు తేల్చారు. కాదు, టోకెన్లు లెక్కపెడుతోందని పోస్టాఫీసావిడ వాదించారు. ఏదేమైనా దానికి మేమంటే ప్రాణమన్న విషయంలో రెండో మాట లేదు.

ఆకలేమోనన్న జాలితో మూత తీసి తలా ఒక బిస్కెట్టు ముక్క వేసి మళ్ళీ బిగించాం. ముప్పై మంది జాలి ఒక్క సీసాలో పడేసరికి నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. చేప లీలగా కనిపించసాగింది. అలా చూస్తే ఇంకా ప్రశాంతంగా ఉందని అందరం ఒప్పుకున్నాం.

ఒకనాడు డాక్టరు గారే బయటికొచ్చి సీసా మీద చెయ్యేసి ఉపన్యసించారు. "దీన్ని చూసి నేర్చుకోండి! రెండు మెట్లెక్కితే అమ్మో అంటారు మీరు. ఇది ఎప్పుడన్నా గాలాడట్లేదందా? చోటు చాలదందా? కనీసం ఒక్కసారి దగ్గిందా?" మేం ఊపిరి సహకరించినంత మేరకు చప్పట్లు కొట్టాం.

చప్పట్లు కొట్టనిది టైలరు గారొక్కరే. పదిహేనేళ్ళుగా ఉబ్బసంతో సహజీవనం చేస్తున్న మనిషి. ఆయన సీసా దగ్గర ముఖం పెట్టి చాలాసేపు చూశారు. "నమస్కారమూ కాదు, పాడూ కాదు. ఇది ఆయాసమయ్యా. మెట్లెక్కొచ్చాక నా నోరూ ఇలాగే ఉంటుంది. ఇంకో నాలుగు రోజులిలాగే ఉంచితే చచ్చిపోతుంది" అన్నారు. పెద్దవాళ్ళకు జబ్బు ముదిరితే ఇలాంటి చాదస్తాలు వస్తాయని మేం సరిపెట్టుకున్నాం.

ఆయన కౌంటరు దగ్గరికెళ్ళి, మేం టోకెనమ్మ అని పిలుచుకునే అమ్మాయిని అడిగారు. "దీన్నొకసారి డాక్టరు గారికి చూపిద్దామమ్మా."

"టోకెన్ లేకుండా ఎవర్నీ పంపను బాబాయ్. నిన్న డాక్టరు గారి తోడల్లుణ్ణే కూర్చోబెట్టాను."

"అయితే టోకెనే ఇయ్యి తల్లీ."

టోకెనమ్మ నిబంధనలు గుర్తు చేసుకుంది. చేపలకు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. పేరు: చేప. వయసు: తెలియదు. బాధ: ఆయాసం. చిరునామా: ఎదురు బల్ల. టోకెన్ నంబరు ముప్పై ఒకటి.

డాక్టరు గారి హస్తవాసికి అసలు కారణం ఆయన వేగం. తలెత్తడం వల్ల ఎంత సమయం వృథా అవుతుందో ఆయన ఏనాడో గ్రహించారు. టైలరు గారు సీసాను బల్ల మీద పెట్టి కూర్చున్నారు. డాక్టరు గారు చీటీనే చూస్తూ అడిగారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలండీ."

"ఇల్లెలా ఉంటుంది?"

"జానెడండీ. కిటికీ లేదు. పైన మూత."

డాక్టరు గారికి కోపమొచ్చింది. తల మాత్రం ఎత్తలేదు. "అదేం కొంపండీ! అందులో ప్రాణమున్నవాళ్ళెవరన్నా ఉంటారా? ముందు అక్కణ్ణుంచి మార్చండి. విశాలమైన చోటు, శుభ్రమైన నీళ్ళు, మంచి గాలి. చిరుతిళ్ళు బంద్. మూడు వారాల తర్వాత చూపించండి." రాసి, సంతకం పెట్టి, ముద్ర కూడా కొట్టారు.

డాక్టరు గారి చీటీని కాదనే ధైర్యం ఆ క్లినిక్‌లో గోడలక్కూడా లేదు. టైలరు గారు చేపను తన ఇంటి పెరట్లో సిమెంటు తొట్టిలోకి మార్చి, ఖాళీ సీసా కడిగి తెచ్చిచ్చారు. మొదటి రెండు రోజులూ అంత తొట్టిలోనూ అది సీసా అంత మేరలో ఒక మూలే తిరిగిందట. మూడో రోజు ఈ చివర నుంచి ఆ చివరికి ఈదిందట. ఆ మాట చెబుతూ ఆయన పసిపిల్లాడిలా నవ్వారు.

అసలు కష్టం మాకొచ్చింది. చూడ్డానికి చేప లేకపోయేసరికి ఒకరినొకరు చూసుకోవలసి వచ్చింది. హెడ్మాస్టరు గారికి పిల్లికూతలు ఎక్కువయ్యాయి. పోస్టాఫీసావిడ రోజుకు రెండుసార్లు పీల్చే మందు నాలుగుసార్లు పీల్చారు. ఉన్న చేపను ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు పట్టుకుపోతే రోగుల గతేమిటని టైలరు గారు తప్ప మేమంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. డాక్టరు గారు కరుణించారు. వారం తిరక్కుండా అదే సీసాలోకి ఇంకో ఎర్ర చేప వచ్చింది. మూత బిగించారు.

మూడు వారాలకు టోకెనమ్మ పుస్తకం చూసి "ముప్పై ఒకటి, చేప!" అని కేకేసింది. టైలరు గారు ఆ రోజు రాలేదు. దగ్గర్లో ఉన్నాను కనుక సీసా పట్టుకుని నేనే లోపలికెళ్ళాను.

"ఎలా ఉంది?" డాక్టరు గారు అడిగారు, చీటీనే చూస్తూ.

నేను సీసాలోకి చూశాను. నోరు తెరుస్తోంది, మూస్తోంది.

"అలాగే ఉందండీ."

"అయితే అవే కొనసాగించండి."

ఏవి అని నేనడగలేదు. పాత చీటీలో ఏం రాశారో నాకు తెలుసు. సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, మూత ఇంకో చుట్టు బిగించాను. అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు. గది చల్లబడింది. మనకంటే ఎక్కువ ఆయాసపడే ప్రాణి ఒకటి ఎదురుగా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్ళకు వేరే చెప్పాలా? ఆ రోజు నాకు ఇన్‌హేలర్ అవసరమే పడలేదు.