మోకాళ్ల బస్సు

అక్షరాలు డెబ్బై దాటాక నేర్చుకున్నదాన్ని. తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాసేసరికి చలికాలం వెళ్లిపోయింది, ఆలస్యానికీ మన్నించండి.

పోయిన ఎండాకాలంలో ఒకరోజు తెల్లవారుతూనే మా ఊరిపెద్ద కూ గారు మైకులో ప్రకటించారు: "గౌరవనీయులైన అమ్మలారా! మీ మోకాళ్లను వెంటనే సమావేశ మందిరం ముందు హాజరుపరచండి. పట్నం ఆసుపత్రి బస్సు వస్తోంది. మోకాళ్లతోపాటు మీరూ రావచ్చు."

నాకు పిల్లలు లేరు కనుక మోకాళ్లు పెద్దగా అరగలేదు. పక్కింటి సూన్‌దక్‌కు ముగ్గురు. అందుకని ఆమెకు తోడు వెళ్లాను. మా చదువుల తరగతి చలికాలంలో సముద్రం చూడబోతోంది. పుట్టి బుద్ధెరిగాక సూన్‌దక్ సముద్రం చూడలేదు. ఇసుకలో నడవాలని ఆమె కోరిక.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు ఉపన్యసించారు: "మోకాలికి రెండే చిన్న చిల్లులు. ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో పనిముట్టు. లోపలి పీచులన్నీ కత్తిరించి కడిగేస్తాం. ఆపైన జిగురుమందు సూదితో ఎక్కిస్తాం. తుడిచిన గచ్చుకు నూనె పూసినట్టు!"

"చిల్లులు పనిచేస్తే సూది ఎందుకక్కా? సూది పనిచేస్తే చిల్లులెందుకు?" అంది సూన్‌దక్ నా చెవిలో.

డాక్టరుగారి చెవులు పాముచెవులు. "రెండూ కలిస్తే సహకారం" అన్నారు. సహకారం అనగానే కూ గారు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

వైద్యం నిజంగానే బాగా పనిచేసింది. సూన్‌దక్ కర్ర వదిలేసి మా ఇంటికి నడిచొచ్చింది. డాక్టరుగారు పెట్టిన షరతు ఒక్కటే: గొంతుకూర్చోకూడదు.

ఈ శుభవార్త విని పిల్లలు పరవశించారు. పెద్దకొడుకు కీహో ఫోన్ చేశాడు: "కొత్త మోకాళ్లు కదమ్మా! పోయినేడు నీ నొప్పి చూసి క్యాబేజీలు తగ్గించాం. ఈసారి మా అత్తవారికి కూడా కిమ్చి ఊరగాయ పెట్టెయ్."

చలికాలపు కిమ్చి పెట్టే రోజు అందరూ కార్లలో దిగారు. వాకిట్లో క్యాబేజీలు కొండలా పోశారు. తల్లి నిలబడి ఉండటం చూసి కీహో కళ్లు చెమర్చాయి.

"నిలబడకమ్మా, మోకాళ్లు జాగ్రత్త! హాయిగా కింద కూర్చుని చెయ్యి."

"కారం కలిపే తొట్టిని ఆ బల్లమీద పెట్టరాదట్రా?" అన్నాను.

"బల్లమీద కలిపితే రుచి రాదు పెద్దమ్మా. అమ్మ చేతి రుచంతా కింద కూర్చోవడంలోనే ఉంది."

శాస్త్రీయమైన మాట. పైగా బల్ల ఖాళీగా లేదు. దానిచుట్టూ కుర్చీలు వేసుకుని పిల్లలు ఉడికిన పంది మాంసంతో కొత్త కిమ్చి రుచి చూస్తున్నారు. సూన్‌దక్ గొంతుకూర్చుని ఒక్కొక్క ఆకు మడతలోనూ కారం రాసింది. సాయంత్రానికి ఆమె మోకాళ్లు కూడా క్యాబేజీల్లా ఉబ్బాయి.

సముద్రానికి బస్సు ఆమె లేకుండానే వెళ్లింది. వస్తూ గుప్పెడు ఇసుక తెచ్చాను. సూన్‌దక్ దాన్ని పళ్లెంలో పోసి అరికాళ్లు అందులో ఆనించింది.

"చల్లగా ఉందక్కా" అంది. "కీహో ఎంత మంచివాడో! మళ్లీ చిల్లులు వేయిస్తానన్నాడు. వచ్చే క్యాబేజీల్లోపే."

నిన్న కూ గారు మైకులో ఆమెను ఆదర్శమాతగా ప్రకటించి, మోకాళ్ల బస్సు మళ్లీ వస్తోందని చెప్పారు.

ఇది చదివి కీహోను తిట్టుకుంటున్నవారు ఒక్కసారి మీ వంటింట్లోకి తొంగి చూడండి. కింద కూర్చుని మీకోసం తరుగుతున్న ఆవిడ కనిపిస్తే, ఆలస్యం చేయకుండా బస్సులో చోటు పట్టండి. బల్ల మాత్రం ఇవ్వకండి, రుచి పోతుంది.

ఛ్వే బూని, ఎనభై ఒక్కేళ్లు, ఉయిసంగ్ వెల్లుల్లి పొలాల పక్కన, సూన్‌దక్ ఇంటికి ఎడమవైపు.