మీదే అనుకోండి

ఒక పెద్ద అడవిలో, పేరుకే పెద్దది లెండి, సగం చెట్లు ఎప్పుడో పోయాయి, ఒక సింహం రాజ్యమేలుతుండేది. ఏలడమంటే నీడలో పడుకోవడం. ఎండాకాలం వాగు ఎండిపోతే అందరికీ దిక్కు ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే. రాత్రికల్లా ఇసుక జారి అది పూడిపోయేది. అడవిపందులు రోజూ మళ్ళీ తవ్వేవి. అందుకు సింహం కూలి కింద దుంపలు ఇప్పించేది.

పక్క అడవిలో నాయకత్వ శిక్షణ పొంది వచ్చిన నక్క ఇది చూసి తెగ నొచ్చుకుంది. కూలి ఇస్తే కూలిపనే చేస్తారనీ, సొంతమనుకుంటే ప్రాణం పెట్టి చేస్తారనీ, పైగా దుంపలు మిగులుతాయనీ చెప్పింది. ఆ చివరి మాట సింహానికి బాగా నచ్చింది.

మర్నాడు సభ పెట్టి, గొంతు వణికించి, "ఈ చెలమ మీదే అనుకోండి" అంది సింహం. పందులు కళ్ళు తుడుచుకున్నాయి. ఆ రోజు నుంచే దుంపలు ఆగిపోయాయి.

పందుల పెద్ద వరాలు ఆ మాట నిజంగానే నమ్మింది, పిచ్చిది. లోతు పెంచింది. ఇసుక జారకుండా చుట్టూ రాళ్ళు పేర్చింది. పిల్లలు ముందు, పెద్దలు తర్వాత అని వరస పెట్టింది. నీళ్ళు తేటపడ్డాయి. అదంతా తన చలవేనని నక్క అడవంతా చెప్పుకు తిరిగింది.

ఒక మధ్యాహ్నం సింహం వచ్చి, అలవాటు ప్రకారం నాలుగు కాళ్ళతో చెలమలోకి దిగబోయింది. వరాలు అడ్డం నిలబడింది.

"కాళ్ళు పెట్టకండి రాజావారూ, బురదవుతుంది. జింకపిల్లలు తాగాక మీ వంతు."

"ఇది ఎవరి చెలమ అనుకుంటున్నావే?"

"మాదేననుకుంటున్నానండి. తమరే గదా అనుకోమన్నారు."

సింహం నక్క వైపు చూసింది. నక్క దాని చెవిలో ఏదో ఊదింది.

"అనుకోమన్నాను. ఇచ్చానన్నానా?" అంది సింహం.

వరాలుకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "సరేనండి. ఇందులో నీళ్ళున్నాయని కూడా అనుకోండి" అని, తను పేర్చిన రాళ్ళు దొర్లించుకుంటూ మందతో సహా వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి చెలమ పూడిపోయింది. సింహం నక్కను తవ్వమంది. తను తవ్వించే రకమే గాని తవ్వే రకం కాదని నక్క వినయంగా మనవి చేసుకుంది. సింహమే తవ్వింది. జూలు నిండా ఇసుకే గాని చుక్క నీరు రాలేదు.

వాగు పై మలుపులో పందులు కొత్త చెలమ తవ్వుకున్నాయని కబురొచ్చింది. నాలుక పిడచగట్టుకుపోయిన సింహం అక్కడికి వెళ్ళి, ఆఖరి జింకపిల్ల వెనకాల నిలబడింది.

నీతి: ఊరికే పని చేయించుకోవాలంటే సొంతమనుకోమని చెప్పండి, వాళ్ళు నిజంగా అనుకోకుండా మాత్రం చూసుకోండి.