అధ్యక్షులవారి ఉత్తర దిక్కు

భర్త మీద చాడీలు చెప్పే అలవాటు సీతారత్నానికి లేదు. తన స్టవ్వును ఆయన గరాజ్‌లో పెట్టించిన సంగతి ఒక్కటే చెబుతుంది, అదీ ఎవరైనా అడిగితేనే. అడగకపోతే తనే గుర్తుచేస్తుంది.

ఉదయభాస్కర్ వెల్లింగ్టన్‌లోని తెలుగు సంఘానికి అధ్యక్షులు. తీరిక వేళల్లో వాస్తు నిపుణులు. కొత్తింట్లో అడుగుపెట్టిన మధ్యాహ్నమే ఆకాశంకేసి ఓసారి చూసి, "వంటగది వాయవ్యంలో పడింది. ఆగ్నేయమంటే గరాజే," అని తీర్పిచ్చారు. అప్పట్నుంచీ ఆవిడ స్వెటరేసుకుని, కారు పక్కన నిలబడి పులుసు పెడుతోంది.

రెండువేల ఆరు ఉగాదికి సంఘం ఎన్నికలు. ఆయన ప్రకటించేశారు: "ఈ దేశపు చరిత్రను తవ్వితీసే బాధ్యత తెలుగువాడు స్వీకరిస్తున్నాడు!"

లైబ్రరీ నుంచి వందేళ్లనాటి మ్యాపు కాపీ తెచ్చారు. ఇప్పటి పార్కు అప్పట్లో గుర్రప్పందాల మైదానం. ఉత్తరపు కొసన ప్రేక్షకుల గ్యాలరీ. జనం కూర్చున్నచోటే కదా జేబుల్లోంచి నాణేలు జారేది! మెటల్ డిటెక్టర్ వచ్చింది, కౌన్సిల్ అనుమతి వచ్చింది, ఉపన్యాసానికి మైకు వచ్చింది. గరాజ్ నుంచి పులిహోరా వచ్చింది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం సభ్యులందరి ముందూ ఆయన మ్యాపు విప్పారు.

"కంపాస్ తేలేదా అండీ?" అంది సీతారత్నం.

"కంపాసెందుకే? ఈ వేళకి సూర్యుడు దక్షిణాన ఉంటాడు. నెల్లూరులో చంటిపిల్లాడైనా చెబుతాడు. వీపు వెనకది ఉత్తరం. పదండి!"

పదిమందీ పదిలంగా వెనక్కి నడిచారు. మెషిన్ కుయ్‌మంది; కూల్‌డ్రింక్ మూత దొరికింది. మళ్లీ గట్టిగా కుయ్‌మంది. చప్పట్ల మధ్య అధ్యక్షులు స్వయంగా పార దించారు. పార్కు నీళ్ల పైపు పగిలింది.

"గంగ పైకొచ్చింది సార్!" అన్నాడు కార్యదర్శి మధుబాబు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఎన్నికల్లో ప్రత్యర్థి, ఫిజీ నుంచొచ్చిన బిజేంద్ర అంకుల్, కారు తాళాల గుత్తికున్న కంపాస్ చూపించాడు. "భాస్కర్ భాయ్, ఇది ఇండియా కాదు, భూమధ్యరేఖకి కింద ఉన్నాం. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం సైడ్ ఉంటాడు. గ్యాలరీ అటు."

అందరూ సూర్యుణ్ణి చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు.

"అయితే వాస్తు బాలేదని మీరు మూయించిన మా వీధి తలుపో?" అంది సభ్యుల్లోంచి సుభద్ర.

"ముందు మా వంటగది సంగతి చెప్పండి," అంది సీతారత్నం.

అధ్యక్షులు తడిసిన మ్యాపును నెమ్మదిగా తలకిందులు చేశారు. ఏదో గొణిగారు.

"వెనకవాళ్లకి వినపడలేదండీ," అని ఆవిడ మైకు అందించింది.

"సభ్యులారా," అన్నారాయన గొంతు సవరించుకుని, "మా వంటగది మొదట్నుంచీ ఆగ్నేయంలోనే ఉంది. నేనే తప్పు చెప్పాను."