ఏసీ ఫ్యానుపై హత్యాయత్నం

“ఎవ్వరూ కదలొద్దు! ఈ ఇంట్లో ఘోరం జరిగింది. దాన్ని ఛేదించగల బుర్ర భూప్రపంచం మొత్తానికీ ఒక్కటే ఉంది. మీ అదృష్టం కొద్దీ అది ఈ ఇంట్లోనే కాపురం ఉంటోంది!”

ఆ బుర్ర మీద ఉన్ని టోపీ. ఒంటి మీద మోకాళ్ళు దాటిన కోటు. అదీ మండు వేసవిలో, మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి! భర్తగారి వాలకం చూసి ఆవిడకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. రెండింటికీ తీరిక లేదు. ఎదురుగా బల్ల మీద మూడంతస్తుల కేకు నిలబడి ఉంది. నాలుగింటికి హోటలు వ్యాను వస్తుంది. “ఇది నచ్చితే వారం వారం ఆర్డరు మీకేనమ్మా” అన్నాడు హోటలు మేనేజరు. రెండేళ్ళుగా చుట్టుపక్కల పిల్లల పుట్టినరోజులకి కేకులు చేసి చేసి, ఇప్పటికి తగిలిన పెద్ద ఆర్డరు అది. కేకేమో ఫ్రిజ్‌లో పట్టదు. ఏసీ ఉన్నది ఈ ఒక్క గదిలోనే. సరిగ్గా ఇవాళే ఆ ఏసీ వేడిగాలి కొడుతోంది.

“బాల్కనీలో ఏసీ పెట్టెకున్న ఫ్యాను తిరగట్లేదండీ. కాసేపు మూలిగి ఆగిపోతోంది. మెకానిక్‌ని పిలిచాను” అందావిడ.

“పిలిచావా? అనుమానితుణ్ణి నేరస్థలానికి నీ చేతుల్తో నువ్వే పిలిచావా!”

ఆయన ఉద్యోగం లైబ్రరీలో పుస్తకాలకి చీటీలు అంటించడం. అంటించే ముందు ప్రతి అపరాధ పరిశోధన నవలా చదివేయడంతో ఈ జబ్బు పట్టుకుంది. ఇంట్లోనూ చీటీ లేని వస్తువు లేదు. ఉప్పు డబ్బాకో నంబరు, చీపురుకో నంబరు, ఆఖరికి కన్నతల్లి చేతికర్రకీ ఓ నంబరు. పోయిన వారం బట్టల క్లిప్పులు మాయమవుతున్నాయని బాల్కనీకి అడ్డంగా నైలాన్ దారం కట్టారు. కంటికి కనపడకూడదని ఊరంతా గాలించి తెచ్చిన దారం. దానికో బుల్లి గంట. దొంగ దొరకలేదు సరికదా, నిన్నటి ఈదురుగాలి తర్వాత దారం, గంట కూడా కనిపించలేదు. దాంతో ఒక కేసు కాస్తా రెండు కేసులయ్యాయి.

మెకానిక్ సంచీ దించి, ముందు మెయిన్ ఆపేశాడు.

“ఫ్యాను తిరక్కపోతే రెండే కారణాలమ్మా. కెపాసిటరన్నా పోయుండాలి, రెక్కకి ఏదన్నా అడ్డమన్నా పడుండాలి. ఐదు నిమిషాల్లో చూసేస్తా.”

“ఆగు!” డిటెక్టివుగారు బాల్కనీ తలుపుకి అడ్డం నిలబడ్డారు. “పోయిన నెల ఈ ఏసీ విప్పిందెవరు?”

“నేనే సార్. సర్వీసింగ్‌కి మీరే పిలిచారుగా.”

“ఒప్పుకున్నాడు! రాసుకోవోయ్!”

“ఎవరు రాసుకోవాలండీ?”

“నేనే రాసుకుంటాలే.”

రాసుకున్నారు. తర్వాత వేలిముద్రల కోసమని ఆవిడ జల్లించి పెట్టుకున్న పొడి పంచదార పట్టుకెళ్ళి ఏసీ పెట్టె మీద చల్లారు. ముద్రలు దొరకలేదుగానీ చీమలొచ్చాయి. “ముఠా!” అన్నారాయన కళ్ళు చిట్లించి. భూతద్దంలో ఏది చూసినా నేరంలాగే కనిపిస్తోంది ఆయనకి.

మూల కుర్చీలో విసనకర్ర ఊపుకుంటున్న అత్తగారు కోడలితో అంది. “వీడు చిన్నప్పుడూ ఇంతేనే. చెప్పులు తనే దాచిపెట్టి, దొంగలెత్తుకుపోయారని వీధంతా వెతికించేవాడు.”

రెండయింది. కేకు పై అంతస్తులో క్రీము గులాబీ ఒకటి పక్కకి ఒరిగింది.

“ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. అన్నని పని చేసుకోనివ్వండి. అది నా రెండేళ్ళ కష్టమండీ!”

“న్యాయం కేకుల కోసం ఆగదు!” అంటూ ఆయన కోటు జేబులోంచి కాగితం తీసి మెకానిక్‌కి అందించారు. “నేరస్తుడు ఎంతటి మాయగాడైనా ఒక్క వస్తువు వదలకుండా పోడు. అది దొరికే లోపల నువ్వు ఈ క్షమాపణ మీద సంతకం పెట్టు. లిఫ్టు పక్కన బోర్డుకి అంటిస్తాం. పేరు చోట ఖాళీ వదిలాను.”

మెకానిక్ కాగితం చదివాడు. మొహం మాడిపోయింది.

“పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్నా సార్. ఇన్నాళ్ళలో నన్నెవరూ ఇంత మాట అనలేదు.” సంచీ భుజానికి తగిలించుకున్నాడు. “వస్తానమ్మా. నన్ను క్షమించు.”

ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. “అన్నా, నువ్వు వెళ్ళిపోతే నా కేకు గతేంటి?” అంటూ గుమ్మానికి అడ్డం వెళ్ళింది. అప్పుడే రెండో గులాబీ జారి బల్ల మీద పడింది.

“పోనీకు, పారిపోతున్నాడు! ముందు వాడి పథకం వినండి!” డిటెక్టివుగారు బాల్కనీలోకి ఉరికారు. “నేరస్తుడు ఇలా వంగాడు! ఇలా ఏసీ పెట్టె వెనక నక్కాడు! ఇలా పిల్లిలా వెనక్కి...”

మాట ఆగింది. కాలూ ఆగింది.

“పట్టుకున్నాడు! ఎవడో నా కోటు పట్టుకున్నాడు! అమ్మోయ్!”

వెనక ఎవరూ లేరు. ఆయన మాత్రం తిరిగి చూడకుండా గదిలోకి లంఘించారు. కోటు బొత్తానికి చిక్కుకున్న సన్నటి దారం ఆయన వెంటే బయల్దేరింది. బాల్కనీలో ఫ్యాను బొంగరంలా వెనక్కి తిరిగింది. అత్తగారి కుర్చీ చుట్టూ ఆయన ఓ ప్రదక్షిణ చేసేసరికి, గ్రిల్ సందులోంచి ఏదో టప్పున ఊడి, నేల మీద గణగణమంటూ వచ్చి కోడలి కాళ్ళ దగ్గర ఆగింది.

గోళీకాయంత గంట. దానికి ప్లాస్టిక్ కాగితం చుట్టిన చీటీ. అంచులు నలిగాయిగానీ గుండ్రటి దస్తూరీ చెక్కుచెదరలేదు. “సాక్ష్యం నం. 7. ఎవరూ తాకరాదు.” కింద భర్తగారి సంతకం, తేదీ.

మెకానిక్ బాల్కనీలోకి వెళ్ళి రెక్కని పుల్లతో తిప్పి చూశాడు. ఇంకా చుట్టుకునున్న దారం ముక్కలు కత్తిరించి, మెయిన్ వేశాడు. ఫ్యాను హాయిగా తిరిగింది.

“కెపాసిటర్ నిక్షేపంగా ఉందమ్మా” అన్నాడు.

డిటెక్టివుగారు గొంతు సవరించుకున్నారు. “చూశారా! వస్తువు వదలకుండా పోడని చెప్పానా? అరగంటలో కేసు...”

“రెండు గంటలండీ” అందావిడ. జారిన గులాబీలు రెండూ తీసేసి కొత్తవి పెట్టింది. చేతులు తుడుచుకుని, క్షమాపణ కాగితం అందరికీ వినపడేలా చదివింది.

“‘నేను బాధ్యత లేనివాణ్ణి. తెలియని పనిలో వేలు పెట్టాను. ఒక ఇల్లాలి రెండేళ్ళ కష్టం పాడుచేయబోయాను. పైగా ఏమీ ఎరగనట్టు నటించాను. సిగ్గుపడుతున్నాను.’ ఎంత బాగా రాశారండీ! ఒక్క ముక్క మార్చక్కర్లేదు.” కలం చేతిలో పెట్టింది. “ఖాళీలో పేరొక్కటి రాయండి.”

“బోర్డు ఎందుకోయ్, బీరువాలో దాచుకుందాం...”

“రాయరా!” అంది అత్తగారు, సొంత నంబరున్న చేతికర్ర అందుకుంటూ.

నాలుగింటికి మూడంతస్తుల కేకు చెక్కుచెదరకుండా లిఫ్టు దిగింది. అప్పటికే బోర్డు ముందు నలుగురు గుమిగూడి చదువుతున్నారు. అంటించింది ఆయనే. అలవాటు చొప్పున మూలన చీటీ కూడా అంటించారు: సాక్ష్యం నం. 8.