పెద్ద మోరీ దండోరా

శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆదినారాయణ ఆ ఉదయం తలపెట్టింది నిజానికి చిన్న పని. హిందూపురంలో స్టేషనుకు పోయే వీధి కింద, బండలు కప్పిన పెద్ద మోరీ ఒకటి ఉంది. మనిషి దిగితే తల కనపడనంత లోతు. అందులో ఏదో అడ్డం పడి, ఊరి మురుగంతా వీధి మీదికి పొంగుతోంది. పనివాళ్లు ఈరన్న, నాగన్న బండ ఎత్తి, లోపలికి దిగి అడ్డు తీయాలి. ఇరుకు దారి. వాళ్లు లోపలుండగా నీళ్లు ముంచుకొస్తే బయటపడటం కష్టం. కాబట్టి మధ్యాహ్నం దాకా ఏ ఇంటివాళ్లూ మోరీలోకి నీళ్లు వదలకూడదు.

దండోరా వేసే పెద్దప్పను పిలిపించి ఆ మాటే చెప్పాడు.

"ప్రతి ఇంటికీ వినపడాల, పెద్దప్పా."

"వినపడతాది సార్."

ఆ రెండు ముక్కలకే అతని గొంతు బొంగురుపోయిందని తెలిసిపోవాలి. ముందు రోజంతా గోరంట్లలో భజన చేసి వచ్చాడు పాపం. కానీ ఆదినారాయణ వంగి బూట్లకు పాలిషు పెట్టుకుంటున్నాడు. పెనుకొండ నుంచి బదిలీ మీద వచ్చాక ఈ ఊళ్లో అతను సొంతంగా చేయిస్తున్న మొదటి పని ఇదే. దాని మీద ఉన్న శ్రద్ధలో సగం బూట్ల మీదికి పోయింది.

పెద్దప్ప తప్పెటకు మాత్రం గొంతు బ్రహ్మాండంగా ఉంది. వీధంతా దద్దరిల్లే మోత, ఆ వెనక "మోరీ", మళ్లీ మోత, "నీళ్లు", చిట్టచివర "వద్దహో!" అంతే వినిపించింది. నడుమ మాటలను ఎవరికి తోచినట్టు వాళ్లు పూరించుకున్నారు.

"మోరీ నీళ్లు కొళాయి నీళ్లల్లో కలిసినాయంట. ముట్టొద్దంటాండాడు," అంది మొదటింటి యశోదమ్మ. పక్కింటికి చేరేసరికి ఆ నీళ్లు తాగి ఎవరో వాంతులు చేసుకున్నారు. ఆ పై ఇంటికి చేరేసరికి వాళ్ల ప్రాణం మీదికి వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఆదినారాయణ వీధిలోకి వచ్చాడు. యశోదమ్మ ఎదురొచ్చి అడిగింది.

"సార్, నీళ్లు వద్దనేది నిజమేనా?"

"నిజమేనమ్మా."

"ఇంట్లో పట్టి పెట్టుకున్న నీళ్లు గూడానా?"

"ఏ నీళ్లయినా సరే. ఒక్క చెంబు గూడా వద్దు. మనుషుల ప్రాణాలతో పని!"

దండోరా బాగా పనిచేసిందన్న తృప్తితో ఆదినారాయణ కాఫీ తాగడానికి హోటల్లోకి వెళ్లాడు.

వేసవిలో హిందూపురంలో నీళ్లు పారబోయడమంటే కడుపు తరుక్కుపోయే పని. అయినా ప్రాణం కంటే ఎక్కువేముంది? వీధి వీధంతా బిందెలు, కాగులు, గంగాళాలు ఇళ్లముందు కాలువల్లోకి బోర్లించారు. ఆ కాలువలన్నీ పోయి కలిసేది పెద్ద మోరీలోనే.

కాఫీ సగంలో ఉండగా బయట గలగల వినపడింది. ఆదినారాయణ తొంగిచూశాడు. ఎండిపోయి ఉండవలసిన కాలువలు ఏరుల్లా పరుగెడుతున్నాయి. గ్లాసు అక్కడే వదిలేసి వీధిలో పడ్డాడు.

"ఆపండి! నీళ్లు పోయాకండి! మోరీలో మనుషులుండారు!"

అరుగు మీది రామాంజినమ్మ అవ్వ సగమే వింది. "అయ్యో, మోరీలో మనుషులు పడినారంట!" అని కేక పెట్టింది. చూడటానికి ఊరు కదిలింది. ఆడవాళ్లు చేతుల్లో ఉన్న బిందెలను కూడా అక్కడికక్కడే కుమ్మరించి పరుగెత్తారు.

ఎత్తిన బండ పక్కన రెండు చొక్కాలు, ఒక గడ్డపార ఉన్నాయి. కింద నల్లటి నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

"ఈరన్నా! నాగన్నా!"

పలుకు లేదు. జనాన్ని తోసుకుంటూ ఈరన్న భార్య నరసక్క వచ్చింది. రెండిట్లో మొగుడి చొక్కాను గుర్తుపట్టి తీసి గుండెకు హత్తుకుంది.

"నా మొగుడు యాడ సార్?"

వీధిలో పారే ప్రతి చుక్కా తన నోటి నుంచే ఆదినారాయణకు పారుతున్నట్టు అనిపించింది. ఆమె ముఖం చూడలేక, బూట్లయినా విప్పకుండా మోరీలోకి దిగేశాడు.

నీళ్లు గుండెల దాకా వచ్చాయి. ఒక చేత్తో బండ అంచు పట్టుకుని, రెండో చేత్తో చీకట్లో తడిమాడు. మెత్తగా, బరువుగా ఏదో తగిలింది. పైన నరసక్క ఏడుపు వినపడుతోంది. కళ్లు మూసుకుని, బలమంతా పెట్టి లాగాడు.

ఊడి వచ్చింది పాత బొంత. దాంతోపాటే మోరీ పెద్దగా గుటక వేసింది. ఇన్నాళ్లూ ఆగిన మురుగంతా ఆదినారాయణ నెత్తి మీదుగా దారి చూసుకుని దిగిపోయింది.

"సార్, మీరెందుకు దిగినారు?"

తలెత్తి చూశాడు. పైనుంచి ఈరన్న, నాగన్న వంగి చూస్తున్నారు. ఒంటి మీద చుక్క తడి లేదు.

"మీరు... మీరు యాడికి పోయింటిరి?"

"దండోరా ఇన్లేదా సార్?" అన్నాడు ఈరన్న. "మోరీ నీళ్లు ముట్టుకుంటే ప్రాణం పోతాదని మీరే యశోదమ్మకు చెప్పినారంట గదా. చొక్కాలిప్పి దిగబోతాంటే ఎవురో చెప్పిరి. మిమ్మల్నే అడుగుదామని ఆఫీసు కాడికి పోయి కూచోనుంటిమి."

"చెప్పి పోయేకి నోరు లేదా నీకు?" అంటూ నరసక్క చొక్కాతోనే మొగుణ్ని బాదింది. బాదుతూనే ఏడ్చింది. కింద ఆదినారాయణ కూడా ఏడ్చాడు గానీ, ముఖం మీద అప్పటికే చాలా పారుతుండటంతో ఎవరూ గమనించలేదు.

తాడు వేసి అతన్ని పైకి లాగారు. జనం దూరంగా జరిగి దారి ఇచ్చారు. ఇంటికి చేరేసరికి భార్య నీలావతి గడపలో నిలబడి ఉంది.

"ఆడనే ఆగండి!"

"ముందు నీళ్లు తోడు, నీలా."

"నీళ్లు యాడుండాయి? తొట్టి గూడా బోర్లిచ్చినా. ఒక్క చెంబు గూడా వద్దని మీరే చెప్పినారంట గదా?"

"పక్కింట్లో అడగరాదా?"

"అడిగినా. ఆ కొసనుంచి ఈ కొసదాకా అడిగొచ్చినా. చుక్క లేదు. మళ్లా కొళాయి వచ్చేది రేపే."

ఆ వీధిలో ఇన్‌స్పెక్టరు మాట జవదాటిన ఇల్లు ఒక్కటి కూడా లేదు.